ఒలుపు కూలి

పొద్దున్నే కొళాయి దగ్గర నుంచి రెండో బిందె మోసుకొచ్చేసరికి హజరా బీ ఇంటి ముందు ఎద్దులబండి ఆగి ఉంది. బండిలో నాలుగు గోనెసంచులు. వాటి మీద ఆమె అన్న దస్తగిరి. బీడీ వెలిగించబోయి, రంజాను నెల గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏమన్నా, సెప్పకుండా వచ్చినావు?"

"సెప్పి వస్తే నువ్వు కూరాకు కోసం ఆదోని బజారంతా తిరుగుతావు. అందుకే సెప్పలే. బావ లేడా?"

"ఎమ్మిగనూరు పోయినాడు. ఎవరింట్లోనో పరుపులు కుట్టేది ఉందంట. రేపొస్తాడు."

దస్తగిరి ఒక సంచి దించి మూతి విప్పాడు. నిండా వేరుశనగ కాయలు. ఆ ప్రాంతంలో బుడ్డలంటారు. దోసెడు తీసి చెల్లెలి కొంగులో పోశాడు.

"విత్తనానికి పెట్టుకున్న బుడ్డలు. ఏటా ఊర్లో ఆడోళ్ళతో ఒలిపిస్తా. ఈ తూరి నీకిస్తాండా. ఆళ్ళకిచ్చే కూలి నీకే ఇస్తా. పండక్కి పిల్లోళ్ళకు గుడ్డలన్నా వస్తాయి."

"వదిన ఏమన్నాది?"

"మీ సెల్లెలు టౌను మనిషయింది, ఆ యేళ్ళు బుడ్డలు ఒలుస్తాయా అన్నాది."

హజరా నవ్వింది. "వదినకు సెప్పు. ఆమె ఆ ఇంటికి రాకముందు నుంచీ ఒలిచిన యేళ్ళు ఇవి."

దస్తగిరికి పెద్దకడుబూరులో మూడెకరాలు. బావి లేదు. వాన పడితే పంట, పడకపోతే కూలి. పోయినేడు కాసిన దాంట్లో మంచి కాయలు ఏరి, పప్పు కూడా చేసుకోకుండా అటక మీద పెట్టుకున్నాడు. అవే ఆ నాలుగు సంచులు.

"మృగశిర కార్తె పోకముందే కావాల" అన్నాడు బండి ఎక్కుతూ. "వాన పడిన మర్నాడు గొర్రు కట్టి విత్తాల. నేలలో పదును ఒక పూట ఉంటాది, మళ్ళా ఉండదు. నీకు సెప్పేదేముంది, నీకూ తెలుసు."

తెలుసు. రైతు ఇంట్లో పుట్టిన పిల్ల.

అది ఎనభై నాలుగో సంవత్సరం. రంజాను పండగ ఆరుద్ర కార్తెలో వచ్చింది. హజరా మొగుడు మౌలాలి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆదోనిలో దూదికి కొదవ లేదు. ఏకేవాళ్ళకూ కొదవ లేదు. అందుకని వారంలో సగం రోజులు ఊరూరూ తిరిగి పని వెతుక్కునేవాడు.

పండగ ఖర్చుకి హజరా పడే పాట్లు ఏటా ఉండేవే. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. కోడి పెట్టిన గుడ్డు పిల్లలకు పెట్టకుండా అమ్మేది. పాత చీరలు తెచ్చిస్తే బొంతలు కుట్టిచ్చేది. రంజాను నెలలో సేమియా మిషను అద్దెకు తెచ్చి మంచం పట్టెకు బిగించి, నాలుగిళ్ళ పిండి తిప్పిపెట్టేది. ఇంత చేసినా పోయినేడు దాచింది అత్త అక్బర్‌బీ కంటి ఆపరేషన్‌కు పోయింది. ఇద్దరు ఆడపిల్లలూ పాత గౌన్లు ఉతికించుకుని పండగ చేసుకున్నారు. పెద్దపిల్ల రసూల్‌బీ వాకిట్లోకి రాకుండా పండగ పొద్దంతా ఇంట్లోనే కూర్చుంది.

పత్తి మిల్లులో ఏరేదానికి పోతే రోజూ కూలి వస్తుంది. మౌలాలి పోనిచ్చేవాడు కాదు. "ఆడది గడప దాటి కూలికి పోతే నలుగురిలో నా మొగమేం కావాల?" అనేవాడు. ఇంట్లో కూర్చుని ఆమె సంపాదించింది చెయ్యి చాపి తీసుకునేటప్పుడు ఆ మొగానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మర్నాడు మౌలాలి వచ్చాడు. సంచులు చూశాడు. విషయం విన్నాడు.

"కూలి ఎంతిస్తాడంట?"

"ఊర్లో ఇచ్చేదే."

"ఎప్పుడిస్తాడు?"

"ఒలిచినాంక."

మౌలాలి మొహం వికసించింది. ఈద్గాకి మూడేళ్ళుగా మెడ దగ్గర అతుకు వేసిన చొక్కాతోనే పోతున్నాడు. నమాజుకు వంగినప్పుడు వెనక వరసలో వాళ్ళకి ఆ అతుకే కనిపిస్తుందని అతని బాధ.

"అయితే నాక్కూడా ఒక అంగీ కుట్టిచ్చుకుంటా. పిల్లోళ్ళకు గౌన్లు. మాయమ్మకు చీర. అయితే ఇరవయ్యో రోజా దాటితే టైలరు గుడ్డ పట్టడు. ఆ లోపల దుడ్లు రావాల."

"నాకేం వద్దా?" అంది హజరా.

"నీకేం? మీ అన్న తెస్తాడులే."

మంచం మీద నుంచి అక్బర్‌బీ అందుకుంది. "సూడరా, దానికీ ఒక జాకెట్టు గుడ్డన్నా తీసుకో. యేళ్ళు అరిగేది దానికి, అంగీ నీకా?"

"నువ్వూరుకోమ్మా."

హజరా ఒలవడం మొదలుపెట్టింది. చూసేవాళ్ళకి తేలికైన పని. కాయ కొనను బొటనవేలితో నొక్కితే పగులుతుంది. వందో కాయకు వేలు నొస్తుంది. వెయ్యో కాయకు గోటి కింద చర్మం లేస్తుంది. రాతితో కొడితే త్వరగా అవుతుంది, కానీ గింజ బద్దలవుతుంది. పంటితో కొరికితే మొన విరుగుతుంది, మొన విరిగితే మొలక రాదు. విత్తనం అయితే వేలితోనే ఒలవాలి. గింజ మీది ఎర్ర పొర కూడా చిట్లకూడదు.

రోజా ఉపవాసం ఉండి, ఉమ్మి కూడా మింగకుండా, గడప పక్కన కూర్చుని పొద్దుగూకులూ ఒలిచేది. రసూల్‌బీ బడి నుంచి వచ్చి సాయం పట్టేది. అక్బర్‌బీ ఆపరేషనైన కంటిని పూర్తిగా నమ్మక, వేళ్ళతో తడిమి పుచ్చులు ఏరేది. పొట్టు పొయ్యిలోకి పనికొచ్చింది. ఆ నెల కట్టెలు కొనలేదు.

పక్కింటి హులిగమ్మ గోడ మీద నుంచి చూసి, "ఏం హజరా, ఒక్కదానివే ఎన్ని దినాలు ఒలుస్తావు? రెండు సంచులు ఇటియ్యి. నేనూ మా కోడలూ ఒలుస్తాం. ఆ రెండిటి కూలి మాకిస్తే సాలు" అంది.

హజరాకి అది సబబుగానే తోచింది. మౌలాలికి తోచలేదు.

"ఇంట్లోకొచ్చే దుడ్లు గోడ అవతలికి ఇస్తావా? నువ్వే ఒలువు."

"ఇరవయ్యో రోజాకు కాదయ్యా. నా యేళ్ళు సూడు."

"కొంచెం బిరబిరా ఒలిస్తే అయితాది."

వేళ్ళు చూడలేదు.

రెండు సంచులు పూర్తయ్యేసరికి పన్నెండు రోజాలు గడిచాయి. ఆమె రెండు బొటనవేళ్ళకూ గుడ్డ పీలికలు కట్టుకుంది. రొట్టెలు తట్టేటప్పుడు పిండిలో రక్తం మరక కనిపించి అక్బర్‌బీ కొడుకును పిలిచి తిట్టింది. ఆ తిట్టు అతనికి ఎక్కడో తగిలింది. తగలకపోయుంటే బాగుండేది.

మౌలాలి ఎమ్మిగనూరులో పరుపులు కుట్టిన ఇంటి పక్కన బుడ్డల షెడ్డు ఒకటి ఉండేది. అక్కడ ఆడవాళ్ళు కాయల మీద నీళ్ళు చల్లి, పట్ట కప్పి, మర్నాడు ఒలవడం అతను చూశాడు. తడిస్తే పొట్టు మెత్తబడి, నొక్కగానే ఊడొస్తుంది. ఆ గింజలు నూనె మిల్లుకు పోయేవి. గానుగలో పడే గింజకు మొలకతో పనేముంది? ఆ తేడా దూది మనిషికి తెలియదు. అడిగి తెలుసుకునే అలవాటూ అతనికి లేదు.

మర్నాడు మధ్యాహ్నం హజరా సేమియా మిషను తిరిగి ఇచ్చేసి రావడానికి పోయింది. మౌలాలి మిగిలిన రెండు సంచులూ నేల మీద కుమ్మరించాడు. రెండు బిందెల నీళ్ళు చల్లాడు. మళ్ళీ సంచుల్లోకి ఎత్తి, తడి లోపలిదాకా దిగాలని పాత పరుపు ఒకటి తెచ్చి పైన కప్పాడు.

"ఏం సేస్తాండావురా?" అంది అక్బర్‌బీ.

"నీ కోడలి యేళ్ళు కాపాడతాండా."

అక్బర్‌బీ సంతోషపడింది. కోడలు రాగానే చెప్పాలనుకుంది. ఇఫ్తారు హడావిడిలో మరిచిపోయింది.

తెల్లారి హజరా పరుపు తీసింది. సంచిలో చెయ్యి పెట్టింది. లోపల వేడిగా ఉంది. చెయ్యి బయటికి తీసి వాసన చూసింది. మగ్గిన వాసన. ఒక కాయ నొక్కింది. వేలికి నొప్పి లేకుండా, ఉడికిన కాయలాగా విచ్చుకుంది. గింజ మీది ఎర్ర పొర తడిసి ఉబ్బి వేలికి అంటుకొచ్చింది.

ఆమె అక్కడే కూలబడింది.

"ఏమయ్యా! ఎవరు తడిపినారు వీటిని?"

మౌలాలి పళ్ళు తోముకుంటూ వచ్చాడు. పండగను ముందే తెచ్చినట్టు నవ్వుతున్నాడు. "నేనే. సూడు, ఎట్ల ఊడొస్తాందో! పొద్దుమునిగే లోపల రెండూ అయిపోతాయి. ఎమ్మిగనూరులో అందరూ ఇట్లే ఒలుస్తారు."

"అది నూనెకయ్యా! ఇది విత్తనం!"

"విత్తనమైతే ఏమి? భూమిలో ఏసినాంక తడవదా?"

హజరా అతని మొహం చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

"భూమిలో తడిస్తే మొలుస్తాది. సంచిలో తడిసి ఉడికితే సస్తాది. అన్న కాడ ఇంకో విత్తనం లేదు. ఏరి ఏరి పెట్టుకున్నాడు."

"ఎండబెడితే ఆరిపోతాదిలే. దానికింత ఏడ్సాల్నా?"

"అన్నకు కబురు పంపిస్తా."

అప్పుడు మౌలాలి నవ్వు పోయింది. నోట్లో పళ్ళపొడి ఉమ్మి వచ్చాడు.

"కబురు పంపి ఏం సెప్తావు? నా మొగుడు నీ విత్తనం సంపినాడని సెప్తావా? మీ వదిన ఊరంతా సాటిస్తాది. కూలి యాడిది ఇంక? పోయిన విత్తనానికి మనమే కట్టియ్యాల. యాడ నుంచి తెస్తావు? నీ కోడిగుడ్లు అమ్మా?"

"నువ్వు సేసినదానికి..."

"నీ యేళ్ళు సూడలేక సేసినా! మాయమ్మ తిట్టిందని సేసినా! నా జన్మలో ఒక్క తూరి నీకు సాయం సేసినా. దానికి ఇదా?"

అక్బర్‌బీ మంచం మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. "యా అల్లా, నేను సూసి కూడా ఊరుకుంటినే" అంది. ఆమె మాట ఇద్దరూ వినలేదు. రసూల్‌బీ గోడకు ఆనుకుని నిలబడి అమ్మనూ నాయననూ మార్చి మార్చి చూస్తోంది.

హజరా ఆ పిల్ల మొహం చూసింది. చాప పరిచి తడి బుడ్డలు నీడలో ఆరబోసింది. ఒలిచింది. వేలు నొప్పి పెట్టలేదు. నొప్పి పెడితే బాగుండునని అనిపించింది. రెండు రోజుల్లో రెండు సంచులూ అయిపోయాయి. ఆరిన తర్వాత గింజలు పైకి మామూలుగానే కనిపించాయి. కొంచెం రంగు తగ్గాయి, అంతే.

ఆమె గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి కుండ వెనక పెట్టింది. విత్తనం మొలుస్తుందో లేదో చూడడానికి పుట్టింట్లో చేసే పద్ధతి అది. మూడు రోజులు ఆగాలి.

అన్న ఆ మూడు రోజులు ఆగలేదు. మర్నాడే బండి తోలుకొచ్చాడు. మౌలాలి ఎదురుపోయి బావా బావా అంటూ మర్యాద చేశాడు. సంచులు తనే బండిలోకి మోశాడు. దస్తగిరి ఒక సంచి మూతి విప్పి చెయ్యి పెట్టాడు. అది మొదట ఒలిచిన పొడి సంచి. గింజలు అరచేతిలో దొర్లించి చూసి మురిసిపోయాడు.

"పొర కూడా సిట్లలేదు సూడు బావా. ఊర్లో ఆడోళ్ళు ఇట్ల ఒలవరు."

"మిగతావి కూడా సూసుకో అన్నా" అంది హజరా.

"మా సెల్లెలు ఒలిచినదాన్ని సూసేదేముంది?" అంటూ మూతి కట్టేశాడు. పంచె చెంగు విప్పి కూలి ఆమె చేతిలో పెట్టాడు. ఆ చేతి బొటనవేలికి ఉన్న గుడ్డ పీలిక చూసి, "మందు పెట్టుకో" అన్నాడు.

హజరా నోరు తెరిచింది. మౌలాలి దగ్గాడు. ఆమె నోరు మూసుకుంది. బండి సందు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడింది.

ఆ సాయంత్రమే మౌలాలి గుడ్డలు తెచ్చి టైలరుకిచ్చాడు.

మూడో రోజు ఆమె తడిగుడ్డ విప్పింది. ఇరవై గింజల్లో రెండింటికి తెల్లటి మొలక మొన పొడుచుకొచ్చింది. మిగతావి మెత్తగా, జిగటగా ఉన్నాయి. వేలితో నొక్కితే చీముగడ్డను నొక్కినట్టు ఉంది.

ఆమె గుడ్డ తీసుకుపోయి మౌలాలికి చూపించింది.

"ఇప్పుడన్నా సెప్తాం. ఇంకా వాన పడలే. ఆ రెండు సంచులూ పక్కన పెట్టుకుంటాడు. ఆ సగానికి కొర్రలు ఏసుకుంటాడు. కొర్రలు అప్పు తెచ్చుకున్నా దొరుకుతాయి."

"సెప్పు. పో. సెప్పు" అన్నాడు మౌలాలి. "గుడ్డ కత్తిరించేసినాడు టైలరు. తిరిగి తీసుకుంటాడా షాపోడు? పిల్లోళ్ళకు నువ్వే సెప్పు, గౌన్లు లేవని."

ఆ మధ్యాహ్నం హులిగమ్మ గోడ దగ్గరికి వచ్చింది. "మా తమ్ముడు ఈ పొద్దే పెద్దకడుబూరు పోతాండాడు. మీ అన్నకేమైనా సెప్పాల్నా హజరా?"

రసూల్‌బీ పక్కనే ఉంది. గౌను చేతులకి బుట్ట పెట్టమని టైలరుకి చెప్పావా లేదా అని అప్పటికి నాలుగుసార్లు అడిగింది.

"ఏం లేదక్కా" అంది హజరా. "బాగున్నామని సెప్పమను."

ఆ రాత్రే వాన పడింది. మంచి వాన. ఆదోనిలో జనమంతా వాకిళ్ళలోకి వచ్చి సంతోషంగా తడిశారు. మర్నాడు పెద్దకడుబూరులో దస్తగిరి గొర్రు కట్టాడు.

పండగ రోజు మౌలాలి కొత్త చొక్కా వేసుకుని ఈద్గాకి పోయి వచ్చాడు. ఆడపిల్లలిద్దరూ బుట్టచేతుల గౌన్లు వేసుకుని ఇల్లిల్లూ తిరిగొచ్చారు. సేమియా ఉడికింది. అక్బర్‌బీ కొత్త చీర కట్టుకోలేదు. మడత విప్పకుండా దిండు కింద పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పొద్దెక్కాక దస్తగిరి వచ్చాడు. ఏటా వచ్చేవాడే. చేతిలో చెల్లెలికి చీర ఉంది. పిల్లల్ని దగ్గరికి తీసుకుని చెరో రూపాయి ఇచ్చాడు. గౌన్లు బాగున్నాయన్నాడు. చాప మీద కూర్చున్నాడు. హజరా గిన్నెలో సేమియా పోసి ముందు పెట్టింది.

"సేను ఎట్లుంది బావా?" అన్నాడు మౌలాలి. అడగకపోతే బాగుండదని అడిగాడు.

"ఒక పక్క పచ్చగా మొలిచింది" అన్నాడు దస్తగిరి. "ఒక పక్క ఏం రాలే."

"వాన సాలలేదేమో."

"సాలింది."

"లోతుకు పడిందేమో."

"ఒకే గొర్రు బావా. ఒకే పూట."

దస్తగిరి గిన్నెలో చెంచా తిప్పుతున్నాడు. చెల్లెలి వైపు చూడలేదు. ఆమె మొగుణ్ణి నిలదీయలేదు. ఒక్క మాట అడిగి ఉంటే హజరా ఓర్చుకునేదేమో.

"నేనే అన్నా" అంది. "నేనే తడిపినా. రెండు సంచులు. యేళ్ళు నొస్తాంటే తడిపినా."

దస్తగిరి తలెత్తాడు. ఆమెను చూశాడు. ఆ తర్వాత మౌలాలిని చూశాడు. మౌలాలి చూపు తన గిన్నెలో ఉంది. కొత్త చొక్కా కాలరు మెడకు ఒరుసుకుంటోందేమో, ఒకసారి సర్దుకున్నాడు. అంతకు మించి అతనిలో కదలిక లేదు.

నోరు తెరవడానికి అతనికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. పెళ్ళాం తన తప్పు నెత్తినేసుకుని అన్న ముందు నిలబడి ఉంది. కూతుళ్ళిద్దరూ చూస్తున్నారు. తల్లి వింటోంది. అతను సేమియా తాగాడు.

దస్తగిరి గిన్నె ఖాళీ చేశాడు. "బాగుంది" అన్నాడు. లేచి అక్బర్‌బీ కాళ్ళకు మొక్కి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు. తెచ్చిన చీర చాప మీదే ఉంది.

అతను పోయాక అక్బర్‌బీ కొడుకును దగ్గరికి పిలిచింది. తిట్టలేదు. దిండు కింది చీర తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"ఇది నాకొద్దు. నువ్వే యాడన్నా ఇచ్చెయ్. ఆ బిడ్డ నా కళ్ళ ముందర నీ తప్పు మోసింది. నా కన్ను బాగుసేయిచ్చింది ఇది సూసేదానికా?"

మర్నాడు పొద్దున హజరా పెద్దకడుబూరు బస్సెక్కింది. మౌలాలిని అనుమతి అడగలేదు. అతను సందు చివరిదాకా వెనకే వచ్చాడు. వెనకే బస్సెక్కాడు.

చేను దూరం నుంచే కనిపించింది. తూర్పు సగం నాలుగాకుల మొక్కలతో సాళ్ళు సాళ్ళుగా పచ్చగా ఉంది. పడమటి సగం ఎర్రటి నేల. గీత గీసినట్టు ఆగిపోయింది పచ్చదనం. వదిన హుసేన్‌బీ తూర్పు పక్కన కలుపు తీస్తోంది. ఆడబిడ్డను చూసి నడుం ఎత్తింది.

"రామ్మా. పండగ బాగా సేసుకున్నారా? గౌన్లు బాగున్నాయంట గదా. మీయన్న వచ్చి సెప్పినాడు."

"వదినా..."

"ఏం వదినా? నా పిల్లోళ్ళకు పాతవే ఏసినా ఈ తూరి. విత్తనానికి పెట్టినామని పప్పు కూడా సేసుకోలేదు. పరాయోళ్ళకిస్తే ఊర్లో ఉంటారు, గొంతు పట్టుకొని అడుగుతా. నిన్నేమని అడగాల? ఆడబిడ్డవు."

హజరా పడమటి సగంలోకి పోయి కూర్చుంది. సాలులో మట్టి వేలితో తవ్వింది. గింజ దొరికింది. నల్లగా కుళ్ళి, వేళ్ళ మధ్య చితికిపోయింది. ఇంకోటి తవ్వింది. అదీ అంతే. ఆమె అలా తవ్వుతూనే ఉంది.

దస్తగిరి గట్టు మీద నుంచి దిగి వచ్చాడు. మౌలాలి అతనికి ఎదురెళ్ళాడు. నిన్న రాని మాట ఇవాళ వచ్చింది.

"బావా, ఆమె కాదు. నేను తడిపినా. ఆమె కొట్లాడింది. నాకు తెలీదు బావా, విత్తనమంటే ఏందో. సాయం సేస్తాండానని..."

"నాకు తెలుసు" అన్నాడు దస్తగిరి.

"ఆమె సెప్పినాదా?"

"సెప్పాల్నా? మా నాయన సేతి కింద పెరిగింది. ఏలు తెగినా విత్తనం మీద నీళ్ళు సల్లదు. నిన్ననే తెలుసు."

మౌలాలి అతని చెయ్యి పట్టుకోబోయాడు. "మరి నిన్ననే ఎందుకడగలేదు బావా? నాలుగు తిట్టింటే..."

"పండగ పూట, నీ ఆడపిల్లోళ్ళ ముందర, నిన్ను తిట్టాల్నా?"

మౌలాలి చెయ్యి కిందికి దిగింది. అతనికి ఏడుపు వచ్చింది. మగవాడు ఏడుస్తుంటే చూడడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. దస్తగిరి కూడా చూడలేదు. అతన్ని దాటుకుని చెల్లెలి దగ్గరికి పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇంక తవ్వొద్దు. అన్నీ అంతే."

"అన్నా, మళ్ళా వాన పడితే..."

"పడితే కొర్రలేస్తా. పడతాదని ఎవరు సెప్తారు? విత్తనం పోతే యాడో ఒకచోట అప్పు తెస్తా హజరా. ఆ పదును ఎవరిని అప్పు అడగాల?"

ఆమె వేళ్ళు మట్టిలోనే ఉండిపోయాయి.

"నాకు ముందే తెలుసన్నా" అంది. "గుడ్డలో కట్టి సూసినా. వాన పడకముందే తెలుసు. మనిషి కూడా వస్తాండ్య నీ కాడికి. ఏం లేదని సెప్పిస్తి."

ఈ సంగతి మాత్రం దస్తగిరికి తెలియదు. మొహంలో అప్పటిదాకా ఉన్నదేదో పోయింది.

"తడిపింది నువ్వు కాదని నా మనసుకు సెప్పుకున్నా నిన్నంతా" అన్నాడు చివరికి. "సెప్పకుండా ఉండింది మాత్రం నువ్వే గదమ్మా."

గౌన్లు అని హజరా చెప్పొచ్చు. మొగుడు అని చెప్పొచ్చు. రెండూ నిజాలే. ఆ ఎర్రనేల ముందు రెండూ నోట్లోంచి రాలేదు. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నప్పుడు నాయన పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది. అన్న ఊరుకోమనలేదు. తల మీద చెయ్యి వెయ్యలేదు. లేచి పోనూలేదు. పక్కనే కూర్చుని ఉన్నాడు.

హుసేన్‌బీ అక్కడి నుంచే కేకేసింది. "అన్నం సల్లారిపోతాంది. తినేవాళ్ళు తినండి."

దస్తగిరి మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచాడు.

"ఏడ్సేది అయినాంక ఆ పక్కకు రా" అన్నాడు. "మొలిచినదాంట్లో కలుపు పడతాంది. మీ వదిన ఒక్కతే ఉంది."

హజరా కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి, సాళ్ళు తొక్కకుండా, తూర్పు పక్కకు పోయింది. హుసేన్‌బీ ఒక సాలు వదిలి పక్కకు జరిగింది.

మౌలాలి బోడి నేలలో నిలబడే ఉన్నాడు. అతన్ని ఏ పక్కకు రమ్మనీ ఎవరూ చెప్పలేదు.